చెన్నైలో మా ఊరి పాములు

దివిసీమవాడు పామును చూడటానికి టికెట్టు కొన్నాడంటే ఎవరైనా నవ్వుతారు. కాలవలకు నీళ్లొచ్చి ఊడ్పులు మొదలయ్యాయంటే మా వైపు ఏ గట్టు మీద అడుగేసినా పక్క గడ్డిలో ఏదో కదులుతుంది. బోదెలో నీరుకట్టు, గడ్డివాములో జెర్రిపోతు, వంటింటి గోడ పగుల్లో ఇంకేదో. ఊరికే కనబడేదానికి డబ్బులెందుకు? మా ఆవిడ మాటా అదే. "ఇంటి దగ్గర చూసేవి చాలకనా, సెలవుల్లో ఇంత దూరం వచ్చి కూడా పాములేనా?" అంది.

దసరా సెలవులకు హంసలదీవి నుంచి చెన్నైలో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్లాం. అతను ముందు మెరీనా అన్నాడు. సాగరసంగమం పక్కన పెరిగిన పిల్లలకు మెరీనా మీద మోజేముంటుంది? పోనీ పెద్ద మాల్ అన్నాడు. అక్కడ మెట్లు వాటంతటవే కదులుతాయని విని మా అమ్మ వద్దంది. చివరికి గిండీలో పాముల పార్కు తేలింది. పాముల్ని అద్దాల వెనక ఉంచుతారని చెప్పగానే అమ్మకు హుషారొచ్చింది. "అయితే నేనూ వస్తా. బతుకంతా వాటిని చూసి పరిగెత్తడమే గానీ, నిలబడి చూసిందెక్కడ?"

గిండీ అంటే చెన్నై నడిబొడ్డు. ఒక పక్క గవర్నరు నివాసం, ఇంకో పక్క ఐఐటీ, మధ్యలో 270 హెక్టార్ల అడవి. ఒకప్పటి గవర్నరు తోట, ఇప్పుడు జాతీయ ఉద్యానం. చుక్కల దుప్పులు, కృష్ణజింకలు తిరుగుతుంటాయి. ఆ అడవి అంచునే పిల్లల పార్కు, దాన్ని ఆనుకుని పాముల పార్కు. రాములస్ విటేకర్ అనే ఆయన 1972లో ఇక్కడ దీన్ని పెట్టాడు. అమెరికాలో పుట్టి చిన్నప్పుడే తల్లితో ఇండియాకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇప్పుడు ఒక ట్రస్టు నడుపుతోంది. పెద్ద స్థలమేం కాదు. ఎక్కడా ఆగకుండా నడిస్తే కాసేపట్లో బయటికొచ్చేయొచ్చు. చాలామంది అలాగే వస్తున్నారు.

జనం ఎక్కడ ఆగుతారో చూడటం నాకు పాములంత ఆసక్తిగానే ఉంది. కొండచిలువ దగ్గర గుంపు. రాచనాగు దగ్గర ఇంకా పెద్ద గుంపు, సెల్‌ఫోన్లు పైకెత్తి. రెంటిలో కొండచిలువకు విషమే లేదు. రాచనాగు మా కృష్ణా డెల్టాలో ఎవరి కంటా పడదు, దాని బతుకు దట్టమైన అడవుల్లో, కొండల్లో. ఊళ్లో మనుషుల్ని చంపేవి మాత్రం పక్క గదుల్లో చుట్ట చుట్టుకుని పడుకున్నాయి. వాటి ముందు ఎవరూ లేరు. ఒక కుర్రాడు అద్దాన్ని వేలితో టకటక కొట్టాడు, లేపుదామని. పాముకు బయటి చెవి లేదు గానీ అదురు ఒళ్లంతా తెలుస్తుంది. తట్టవద్దని మా బావమరిది అరవంలో మెల్లగా చెప్పాడు. కుర్రాడు మానేశాడు, వాళ్ల నాన్న మొదలుపెట్టాడు.

అమ్మ కట్లపాము దగ్గర ఆగిపోయింది. సన్నగా, నల్లగా, నిగనిగలాడుతూ, ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు. తల మెడలోనే కలిసిపోయినట్టుంది. "ఇదా!" అంది. అంతకంటే ఏమీ అనలేదు కాసేపు. మా వైపు దీన్ని చంపినప్పుడే చూస్తారు, అదీ తల చితికిపోయాక. బతికున్నది కనబడటం తక్కువ, ఎందుకంటే ఇది పూర్తిగా రాత్రి సంచారి. పగలు చేతికి తగిలినా ముడుచుకుపోయి తల దాచుకుంటుంది. రాత్రి వేరే సంగతి. నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషి పక్కకు చేరుతుంది, మనిషి ఒత్తిగిలితే కరుస్తుంది. కాటు చీమ కుట్టినంత కూడా ఉండకపోవచ్చు. వాపు ఉండదు, మంట ఉండదు. తెల్లారుజామున కడుపునొప్పి అంటాడు, గొంతు పట్టేసింది అంటాడు. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు ఇంట్లోవాళ్లు. కనురెప్పలు వాలిపోతున్నాయని గమనించేసరికి ఊపిరి కండరాలు సడలిపోతుంటాయి. మంచం మీద పడుకోవడం, దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపడం: దీనికి ఇంతకు మించిన జాగ్రత్త లేదు. దోమతెర దోమలకే అనుకుంటాం.

దీన్ని పోలిన పాము ఇంకొకటి మా ఇళ్ల గోడల్లో తిరుగుతుంటుంది. బల్లుల్ని తిని బతికే సాధువు, విషం లేదు. దాని కట్లు తల వెనక నుంచే మొదలై తోకవైపు మాసిపోతాయి. అసలు కట్లపాముకు మెడ దగ్గర నలుపే, కట్లు కాస్త కిందికి మొదలై తోకవైపు తేటపడతాయి. ఇంటికొచ్చిన పామును ఆ కంగారులో ఎవరు చూస్తారు ఇవన్నీ? కర్ర అందుకోవడమే. కాబట్టే అద్దం కావాలి. మనకూ దానికీ మధ్య ఒక గాజు పలక ఉంటే, భయం పోయినా పోకపోయినా, చూపు నిలుస్తుంది.

రక్తపింజరి గదిలో మొదట ఏమీ కనబడలేదు. ఎండుటాకుల్లో ఎండుటాకే అనుకున్నది పాము. గోధుమరంగు ఒంటి మీద మూడు వరసల మచ్చలు, గొలుసు అల్లినట్టు. తల వెడల్పు, మెడ సన్నం, ఒళ్లు బొద్దు. ఇదే కొండచిలువ పిల్ల అని చేత్తో పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కోపమొస్తే కుక్కరు కూతలాగా బుస కొడుతుంది. ఆ కూత విని ఆగినవాడు బతికిపోతాడు. మా దగ్గర వరి కోసి పనలు వేశాక, ఆ పనల కింద చల్లగా ఉంటుందని చేరుతుంది. ఎలకలు కూడా అక్కడే కదా. మర్నాడు పన ఎత్తడానికి వంగిన చెయ్యి దానికి దొరుకుతుంది. దీని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. బతికినా డయాలసిస్‌ దాకా వెళ్లినవాళ్లుంటారు.

ఈ పాముకు ప్రపంచంలో ఉన్న పేరు మన తీరంలో ఉద్యోగం చేసిన ఒక డాక్టరుది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నం వచ్చాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ అక్కడ కంపెనీ అధికారి. ప్యాట్రిక్‌కు 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి కొలువిచ్చింది. కోరమాండల్ తీరమంతా పాముల్ని పోగుచేయించి, బొమ్మలు గీయించి, 1796లో పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. కోళ్ల మీదా కుక్కల మీదా విషం ప్రయోగించి చూశాడు కూడా. ఏ పాముతో ప్రమాదమో ఏదానితో లేదో తేల్చడం ఆయన పని. కంపెనీ సిపాయిలూ ఉద్యోగులూ కాట్లకు పోతుంటే ప్రతి పాముకూ జడవకుండా ఉండాలని. పుస్తకంలో రక్తపింజరి బొమ్మ కింద ఆయన వేసిన పేరు కాటుక రేకుల పొడ. ఎవరో తెలుగువాళ్లు పట్టి తెచ్చి చెప్పిన పేరది. వాళ్లెవరో ఎక్కడా లేదు, పేరు ఆయనదే నిలబడింది. రెండువందల ఏళ్లు దాటాయి, ఏ పాము ఏదో తెలుసుకునే పని మా ఊళ్లో ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

పాముల్ని పట్టి తెచ్చేవాళ్లకు పేరు దక్కిన చోటు కూడా ఈ చెన్నై చుట్టుపక్కలే. ఇరుళ్లు అనే గిరిజనులు తరతరాలుగా పాముల్ని పట్టినవాళ్లు. తోళ్ల వ్యాపారానికి అమ్మేవారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ వ్యాపారం ఆగి, బతుకుతెరువు పోయింది. 1978లో వాళ్లదే ఒక సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర, మొసళ్ల బ్యాంకు ఆవరణలో ఉంటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజర, ఈ నాలుగింటినీ లెక్క ప్రకారం పట్టి, మట్టికుండల్లో ఉంచి, కొన్ని వారాలపాటు అప్పుడప్పుడు విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పొట్ట మీది పొలుసు కాస్త కత్తిరించి గుర్తు పెడతారు, అదే పాము వెంటనే మళ్లీ దొరికితే వదిలేయడానికి. ఆ విషాన్ని ఎండబెట్టి పొడి చేసి మందు కంపెనీలకు అమ్ముతారు. హైదరాబాద్‌ విన్స్ బయోప్రొడక్ట్స్ లాంటి సంస్థలు దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేసి సీసాల్లో నింపుతాయి. మన ఆసుపత్రిలో ఎక్కించేది అదే. 2023లో ఇరుళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు, పద్మశ్రీ వచ్చింది. మా అవనిగడ్డలో పాము కరిచిన కూలీ బతికితే అందులో ఈ ఇరుళ్ల చెయ్యి ఉన్నట్టే లెక్క.

అయితే ఇందులో ఒక చిక్కుంది. దేశానికంతటికీ విషం ఎక్కువ భాగం తమిళనాడులోని ఈ కాస్త చోటు నుంచే వెళ్తోంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని పరిశోధకులు చూపించారు. ప్రాంతానికో విషసేకరణ కేంద్రం ఉండాలన్నది వాళ్ల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో పొలాల్లో ఎలకలు పట్టి బతికే యానాదులకు గట్టు కన్నం చూసి లోపలున్నది ఎలకో పామో చెప్పే నేర్పుంది. ఆ నేర్పుకు చెన్నైలో సంఘం ఉంది, రాబడి ఉంది, పద్మశ్రీ ఉంది. మా దగ్గర రోజుకూలి ఉంది.

నాగుపాము దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెప్పులు విప్పింది. దండం పెట్టుకుంది. మా చిన్నది నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. నాగులచవితికి పుట్టలో పాలు పోసి, చిమ్మిలీ చలివిడీ పెట్టే చెయ్యి అది, ఎక్కడైనా దండమే పెడుతుంది. మా పెద్దవాడు ఊరుకోలేదు. "నాయనమ్మా, పాము పాలు తాగదు. దానికి అరగవు."

"నాకు తెలుసులేరా. తాగుతుందని పోస్తామా?"

వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అమ్మ అప్పుడు చెప్పింది, పిల్లలు అంతకుముందు విననిది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఆమె కొత్త కోడలు. నీళ్లు నడుముకు, మెడకు, చూరుకు వచ్చాయి. ఎలాగో తుమ్మచెట్టు పట్టుకున్నారు. ముళ్లు దిగినా వదల్లేదు. తెల్లారి చూస్తే పై కొమ్మకు పాము చుట్టుకుని ఉంది. పడగ ఉన్నదే. రాత్రంతా అదీ వాళ్లూ ఒకే చెట్టు మీద. "అది మమ్మల్నేమన్నా అందా? దాని ప్రాణం దానికి, మా ప్రాణం మాకు." వేలమందిని మింగిన ఆ ఉప్పెన గురించి అమ్మ మనుషుల కథలు చెప్పదు. ఆ పాము సంగతి మాత్రం చెబుతుంది. దివిసీమలో ఆ వయసువాళ్లలో ఇలాంటి మాట చెప్పేవాళ్లు ఇంకా దొరుకుతారు.

మేం పామును మొక్కుతాం, చంపుతాం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేస్తాడు. మోపిదేవి మా ఊరి నుంచి దూరమేం కాదు. పాము చుట్టల మీద లింగరూపంలో సుబ్రహ్మణ్యేశ్వరుడు. పెళ్లి కావాలన్నా, పిల్లలు కావాలన్నా, నాగదోషం పోవాలన్నా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి పత్రికలకెక్కినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. దాన్ని నేను ఎగతాళి చెయ్యను. జనం వణికిపోయి ఉన్నారు, ఊడ్పులకు కూలీలు రానంటున్నారు, ధైర్యం ఏదో రూపంలో కావాలి. కానీ కారణం నేలలోనే ఉంది. కాలవలు నిండి, వానలు తోడై, గట్ల కన్నాల్లోకి నీళ్లెక్కితే ఎలకలు మెరక చూసుకుంటాయి. మా లంక నేలలో మెరక అంటే గట్టూ, ఇల్లూ. ఎలక వెనకే పాము. ఏటా జరిగేదే, ఒక్కో ఏడు ఎక్కువ.

దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోతున్నారని 2000 నుంచి 2019 దాకా మరణాల్ని లెక్కగట్టిన అధ్యయనం చెప్పింది. ఎక్కువమంది పల్లెవాళ్లే. ఎక్కువ మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యప్రణాళిక ప్రకటించింది. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. కాటు పడిన అరగంటలో ఏం జరుగుతుందన్నదే అసలు లెక్క. గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం మా వైపు ఇంకా ఉన్నాయి. చెయ్యాల్సింది తక్కువే: కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఆసరా కట్టి, ఉంగరాలూ మెట్టెలూ తీసేసి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చడం. పామును చంపి పట్టుకెళ్లే పని లేదు. అక్కడ డాక్టరు చూసేది మనిషినే. ఒక పరీక్ష ఉంది, పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచితే ఇంకా నీళ్లలా పారిందంటే పింజరి జాతి కాటు. వెంటనే విరుగుడు ఎక్కిస్తారు, సాధారణంగా 10 సీసాలతో మొదలుపెట్టి.

పార్కులో మొసళ్ల తొట్ల దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఉన్నారు గానీ చెప్పడానికేమీ లేదు. అవి కదల్లేదు. సముద్రపు పాము కోసం నేను వెతికాను, నాకు కనబడలేదు. హంసలదీవి, నాగాయలంక వైపు వేటకెళ్లేవాళ్లకు అసలు కావాల్సింది అదే. వలలో చేపలతో పాటు వస్తుంది, తోక తెడ్డులా అణిగి ఉంటుంది. సముద్రపు పాములు దాదాపు అన్నీ విషమున్నవే, మన విరుగుడు మందు వాటి కోసం చేసింది కాదు. మడ అడవుల బురదలో చేపలు తినే కుక్కమూతి నీటిపాము వేరు, దానితో భయం లేదు. రెంటినీ ఒక గాటన కట్టి తెడ్డుతో కొట్టేస్తారు పడవలో.

నిజానికి సరీసృపాల్ని చూపించే చోటు మా ఊళ్లోనూ ఒకటుంది, పైకప్పు లేనిది. పాలకాయతిప్ప తీరంలో అటవీశాఖవాళ్లు సముద్రపు తాబేళ్ల గుడ్లను పొదిగిస్తారు. జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో నూరూ నూటపాతిక దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది తల్లి. కుక్కలూ నక్కలూ తవ్వేలోపు, తెల్లారకముందే గుడ్లు తెచ్చి కంచె లోపల అదే లోతున పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ, తక్కువైతే మగవి. వాటిని వదిలేప్పుడు బడిపిల్లల్ని పిలుస్తారు. బుల్లి తాబేలు నీళ్లవైపు పాకుతుంటే చప్పట్లు కొట్టని పిల్లాడు ఉండడు. తాబేలు దగ్గర పని సులువు. ముద్దొస్తుంది, కరవదు, విష్ణువు అవతారం కూడా. పాముకు ఆ సౌకర్యం లేదు.

మోపిదేవికి వచ్చేంత జనం గిండీకి కూడా రారేమో. మా పాముల్ని జనానికి చూపించడానికి ఆ గుడి దారిలో ఒక గది చాలు. అద్దాల వెనక బతికున్న పాముల్ని పెట్టాలంటే కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతులూ, పశువైద్యుడూ, రోజువారీ ఖర్చూ, చాలా తతంగం. నిలువెత్తు ఫోటోలూ, అచ్చు నమూనాలూ అయినా ఫర్వాలేదు. అవనిగడ్డ ఆసుపత్రి వరండాలో పెట్టినా ఫర్వాలేదు. కరిచిన తర్వాత కాకుండా కరవకముందు చూడగలిగే చోట ఉండాలంతే.

మా చిన్నది బొమ్మల పుస్తకం పట్టుకొచ్చింది చెన్నైకి. ఒక్కో అద్దం ముందూ కూలబడి గీసింది. దానికి మేమందరం ఆగాల్సొచ్చింది. ఊరికొచ్చాక పేర్లు రాయడానికి కూర్చుంది, మా చేలో ఎలుకల బుట్టలు పెట్టే యానాది పెద్దాయన వస్తే ఆయనకు చూపించింది. ఆయన పుస్తకాన్ని దూరంగా పెట్టి చూసి, రక్తపింజరి బొమ్మ మీద వేలు పెట్టాడు.

"తల సన్నంగా ఏశావమ్మా. ఇంత ఎడల్పుంటది. మెడ దగ్గర నొక్కినట్టుంటది. ఇట్టా ఏస్తే జెర్రిపోతనుకుంటారు."

అది రబ్బరుతో చెరిపి మళ్లీ వేసింది. కట్లపాముకు ఆయన తలూపాడు. చిన్న పింజర దగ్గర ఆగాడు. "ఇది మన నేలది కాదు. రాళ్లల్లో, మెట్టల్లో ఉంటది. తీసెయ్ దీన్ని."

"తీయను తాతా. మందు సీసా మీద నాలుగు పేర్లుంటాయంట, ఇదీ ఉంటుందంట."

"ఉంటే ఉండనీ. కింద రాయి మరి, మన చేలల్లో ఉండదని. లేకపోతే పిల్లకాయలు దీన్నే ఎతుక్కుంటా అసలుదాన్ని తొక్కుతారు."

అది రాసింది. ఆయన ఇంకో పేజీ తిప్పమన్నాడు.